రాయలసీమ యాత్రా చిత్రాలు

రాయలసీమ యాత్రా చిత్రాలు అనగా కర్నూలు, కడప ప్రాంతాలలో ప్రయాణిస్తూ అక్కడి కొండలను, కోటలను, ఆలయాలను, నదీలోయలను స్వయంగా చూచి గీసిన చిత్రాలు. 18వ శతాబ్దం చివరి నుండి 19వ శతాబ్దం మొదటి పాదం వరకు ఈస్టిండియా కంపెనీ సర్వే బృందాలు గీసిన నీటిరంగుల చిత్రాలు వీటిలో ముఖ్యమైనవి. 20వ శతాబ్దం రెండవ భాగం నుండి అక్రిలిక్ రంగులు వాడుకలోకి రావడంతో ఈ చిత్రణలో కొత్త ప్రయోగాలకు వీలు కలిగింది. ఈ వ్యాసంలో కర్నూలు, కడప అన్న పేర్లు 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందున్న ఉమ్మడి జిల్లాలను సూచిస్తాయి.

ఈ చిత్రాలకు కళాపరమైన విలువతో పాటు చారిత్రక విలువ కూడా ఉంది. కెమెరా రాక మునుపు ఈ ప్రాంతం ఎట్లా ఉండేదో కంటికి చూపగల ఆధారాలు చాలా తక్కువ. శాసనాలు, కైఫియత్తులు ఊళ్ళ చరిత్రను మాటలలో చెప్పగా, ఆ ఊళ్ళ రూపాన్ని చూపినవి ఈ నీటిరంగుల బొమ్మలే.

భౌగోళిక నేపథ్యం

కర్నూలు, కడప ప్రాంతాలు వర్షాభావ ప్రాంతాలు. ఇక్కడ ఏడాదికి సగటున సుమారు 600 నుండి 700 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురుస్తుంది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. తూర్పున నల్లమల, వెలికొండలు, నడుమ ఎర్రమల, దక్షిణాన పాలకొండలు, శేషాచలం కొండలు ఉన్నాయి. తుంగభద్ర, హంద్రి, కుందూ, పెన్న, పాపాఘ్ని, చెయ్యేరు ఇక్కడి ముఖ్యమైన నదులు. కుందూ లోయలో నల్లరేగడి నేలలు, మెట్టలలో ఎర్రనేలలు కనిపిస్తాయి.

భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు అతి ప్రాచీన శిలలను కడప శిలాసముదాయం, కర్నూలు శిలాసముదాయం అని వ్యవహరిస్తారు. సున్నపురాయి, పలకరాయి, క్వార్ట్జైట్ పొరలు పొరలుగా అమరి ఉండటం వలన ఇక్కడి కొండల అంచులు గోడ కట్టినట్లు నిలువుగా ఉంటాయి. గండికోట వద్ద పెన్నా నది ఎర్రమల కొండలను నిలువునా కోసుకొని ప్రవహిస్తుంది. బెలుం గుహలు సున్నపురాయి నీటికి కరగడం వలన ఏర్పడినవి.

చిత్రకారునికి ఈ భౌగోళిక లక్షణాలు రెండు విధాలుగా ముఖ్యం. పచ్చదనం తక్కువగా ఉండటం వలన రాతి రంగు, మట్టి రంగు దృశ్యంలో ప్రధానమవుతాయి. గాలిలో తేమ తక్కువగా ఉండే రోజులలో దూరపు కొండలు కూడా స్పష్టమైన అంచులతో కనిపిస్తాయి. కోస్తా డెల్టాను గీయడానికి పనికివచ్చే మసక పచ్చలు, పొగమంచు పూతలు ఇక్కడ అంతగా ఉపయోగపడవు.

నేలలోని రంగులు

ఈ ప్రాంతంలో బొమ్మలు గీయడం చరిత్రకు పూర్వమే మొదలైంది. కర్నూలు జిల్లాలోని కేతవరం, కడప జిల్లాలోని చింతకుంట వద్ద రాతి చరియలపై ఆదిమ మానవులు గీసిన చిత్రాలు ఉన్నాయి. జంతువుల, మనుషుల బొమ్మలను వారు ప్రధానంగా ఎరుపు, తెలుపు రంగులతో గీశారు. ఈ ఎరుపు ఇనుము కలిసిన మట్టి నుండి వచ్చినది. ఇంటి గోడలకు, గడపలకు జాజు, సున్నం పూసే ఆచారంలో ఇవే రంగులు నేటికీ కనిపిస్తాయి.

నేటి రంగుల పరిశ్రమకు కావలసిన ముడి పదార్థాలు కూడా ఈ నేలలో ఉన్నాయి. బేతంచెర్ల పరిసరాలలో పసుపు మట్టి, ఎర్రమట్టి నిక్షేపాలు ఉన్నాయి. కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి నిక్షేపాలు ప్రపంచంలోని అతి పెద్ద నిక్షేపాలలో ఒకటి. ముగ్గురాయి పొడి ప్రధానంగా చమురు బావుల తవ్వకంలో ఉపయోగపడుతుంది. దానిని రంగులలో పూరకంగా కూడా కలుపుతారు. 19వ శతాబ్దంలో కడప జిల్లా నీలిమందు సాగుకు పేరొందింది. నాటి నీటిరంగుల పెట్టెలలో నీలిమందు తప్పనిసరిగా ఉండే రంగు. నీటిరంగులను పట్టి ఉంచే జిగురు తుమ్మజాతి చెట్ల బంక. సీమ పొలాల గట్లపై ఎక్కువగా కనిపించే నల్లతుమ్మ కూడా ఆ జాతికి చెందినదే.

తొలి యాత్రికులు

ఫ్రాన్సు దేశపు రత్నాల వర్తకుడు తావెర్నియే 1652లో గండికోటకు వచ్చి, అప్పటికి రెండేళ్ళ క్రితం కోటను జయించిన గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలుసుకున్నాడు. కోటకు ఎక్కే దారి ఎంత ఇరుకైనదో, దాని ప్రక్కన లోయ ఎంత లోతైనదో తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. ఈ గ్రంథం 1676లో వెలువడింది. గండికోటను గూర్చి ఐరోపా పాఠకులకు తెలిపిన తొలి రచనలలో ఇది ఒకటి. అయితే అది మాటలలోని వర్ణన. చూచినదానిని చూచినచోటనే కాగితంపై రంగులలో దింపుకొనే పద్ధతి ఈ ప్రాంతానికి రావడానికి ఇంకా సుమారు నూట నలభై ఏళ్ళు పట్టింది.

కాలిన్ మెకంజీ

స్కాట్లాండు వాయవ్యాన ఉన్న లూయిస్ ద్వీపంలోని స్టోర్నోవేలో 1754లో జన్మించిన కాలిన్ మెకంజీ 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా మద్రాసుకు వచ్చాడు. 1792 నాటి శ్రీరంగపట్టణం సంధి వలన కడప ప్రాంతం టిప్పు సుల్తాను నుండి నిజాముకు దక్కింది. ఆ తరువాత మెకంజీ నిజాము రాజ్యంలోని కంపెనీ సేనతో ఉంటూ ఈ ప్రాంతాలను సర్వే చేశాడు.

1794లో ఆయన శ్రీశైలం దర్శించి, ఆలయాన్ని గూర్చి, కొండ దారిని గూర్చి దినచర్య వ్రాసుకున్నాడు. ఆలయ ప్రాకారపు గోడపై చెక్కిన ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు, తాపసుల బొమ్మలు ఆయనను ఎంతగానో ఆకర్షించాయి. ఈ దినచర్యలోని భాగాలు కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ వెలువరించిన 'ఏషియాటిక్ రీసెర్చెస్' ఐదవ సంపుటంలో అచ్చయ్యాయి. దట్టమైన నల్లమల అడవిలోని క్షేత్రాన్ని గూర్చి ఐరోపా పండితులకు వివరంగా తెలిపిన రచనలలో ఇది మొదటి వరుసలోనిది.

1796లో మెకంజీకి ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్యతో పరిచయమైంది. స్థానిక భాషలు, శాసనాలు, గ్రామ చరిత్రలు మెకంజీకి బోధపడటానికి బొర్రయ్యే ముఖ్య కారకుడు. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే మరణించగా, ఆయన తమ్ముడు కావలి వెంకట లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించాడు. మరొక సోదరుడు కావలి వెంకట రామస్వామి దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషులో వ్రాసి 1829లో ప్రచురించాడు.

దత్తమండలాల సర్వే

1800 సంవత్సరంలో నిజాము బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలు ప్రాంతంలోని కొన్ని భాగాలను కంపెనీకి వదలుకున్నాడు. వీటికి దత్తమండలాలు అని పేరు. కర్నూలు పట్టణం మాత్రం 1839 వరకు నవాబుల ఏలుబడిలోనే ఉంది. 1800 నుండి 1807 వరకు థామస్ మన్రో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేశాడు. మైసూరు సర్వే ముగిసే దశకు వచ్చిన తరువాత మెకంజీ బృందం 1809 నుండి దత్తమండలాల సర్వేను చేపట్టింది.

ఈ సర్వే ముఖ్యోద్దేశం పటాలు తయారు చేయడం. కొత్తగా చేతికి వచ్చిన నేలలో కోటలు ఎక్కడ ఉన్నవో, కనుమలు ఎక్కడ ఉన్నవో, సైన్యం ఏ దారిన నడవగలదో, ఏ ఊరి నుండి ఎంత శిస్తు రాగలదో కంపెనీ తెలుసుకోవలసి ఉంది. కాబట్టి ఈ చిత్రాలు పాలనావసరాల కోసం గీసినవే. అయినా మెకంజీ ఆసక్తి ఆ అవసరాలను దాటి సాగింది. పటంతో పాటు ఆలయాలు, శిల్పాలు, వీరగల్లులు, కొండల వరుసలు, చెరువులు, వివిధ కులాల, వృత్తుల వారి వేషధారణ కూడా ఆయన బృందం చిత్రించింది.

మెకంజీ 1810లో మద్రాసు సర్వేయర్ జనరల్‌గాను, 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్‌గాను నియమితుడయ్యాడు. నడుమ కొంతకాలం జావా ద్వీపంలో పనిచేశాడు. 1821 మే 8న కలకత్తా సమీపంలో మరణించాడు. ఆయన సేకరించిన సంపదను కంపెనీ ఆయన భార్య నుండి కొనుగోలు చేసింది. 1828లో హెచ్.హెచ్.విల్సన్ వెలువరించిన జాబితా ప్రకారం ఈ సేకరణలో 2,630 చిత్రాలు, 8,076 శాసన ప్రతులు, 6,218 నాణేలు ఉన్నాయి. ఇవి దక్షిణ భారతదేశంతో పాటు ఇతర ప్రాంతాలకు కూడా సంబంధించినవి.

చిత్రకారులు

ఈ చిత్రాలను సాధారణంగా 'మెకంజీ చిత్రాలు' అని వ్యవహరించినా వాటిలో అధిక భాగం ఆయన స్వయంగా గీసినవి కావు. 1794లో మైఖేల్ టాపింగ్ కృషితో మద్రాసులో ఒక సర్వే పాఠశాల ఏర్పడింది. అందులో శిక్షణ పొందిన యువకులు సర్వే బృందాలలో సహాయకులుగా చేరి కొలతలు, పటాలు, బొమ్మలు తయారు చేశారు. వీరిలో బెంజమిన్ స్వెయిన్ వార్డ్ తరువాతి కాలంలో తిరువాన్కూరు సర్వేతో ప్రసిద్ధుడయ్యాడు. బృందంలో భారతీయ చిత్రకారులు కూడా ఉన్నారు. అనేక చిత్రాలపై గీసినవారి పేరు లేదు.

1816లో థామస్ హికీ అనే చిత్రకారుడు మెకంజీ తైలవర్ణ చిత్రాన్ని గీశాడు. ఎర్రని కోటు ధరించిన మెకంజీతో పాటు ముగ్గురు భారతీయ సహాయకులు అందులో కనిపిస్తారు. నాటి అధికారుల చిత్రాలలో భారతీయ సహాయకులకు ఇంతటి స్థానం దక్కడం అరుదు.

చిత్రాల స్వభావం

ఆ కాలంలో బ్రిటిషు సైనిక ఇంజనీర్లకు చిత్రలేఖనం చదువులో ఒక భాగం. వూలిచ్ సైనిక విద్యాలయంలో ప్రసిద్ధ నీటిరంగుల చిత్రకారుడు పాల్ శాండ్‌బీ 1768 నుండి 1796 వరకు చిత్రలేఖనం నేర్పాడు. మద్రాసు పాఠశాల నుండి వచ్చిన సర్వే చిత్రాలలో కూడా ఇదే సంప్రదాయం కనిపిస్తుంది.

ముందుగా పెన్సిలుతో దృశ్యపు రూపురేఖలు గీసి, పెన్నుతో అంచులు దిద్ది, దానిపై పలుచని నీటిరంగుల పూతలు వేయడం ఇందులోని పద్ధతి. రంగులు కొద్ది. ఆకాశానికి నీలం, దూరపు కొండలకు బూడిద నీలం, రాతికి మట్టి రంగు, చెట్లకు మాసిన పచ్చ వాడేవారు. ఎండ, నీడల సొగసు కన్నా గోడ ఎక్కడ వంపు తిరిగింది, బురుజులు ఎన్ని, కొండ ఎక్కే మెట్లు ఏ ప్రక్కన ఉన్నవి అన్న వివరాలకే ప్రాధాన్యం. అదే కాలంలో భారతదేశంలో పర్యటించిన థామస్ డానియెల్, విలియం డానియెల్‌ల చిత్రాలతో పోల్చిచూస్తే ఈ భేదం తెలుస్తుంది. వారు 1795 నుండి 1808 వరకు వెలువరించిన 'ఓరియంటల్ సీనరీ'లోని 144 చిత్రాలు కొనుగోలుదారుల అభిరుచికి తగినట్లు అందంగా కూర్చినవి. సర్వే చిత్రాలు చూచినది చూచినట్లు నమోదు చేయడానికి ప్రయత్నించాయి. నేటి చరిత్రకారులకు ఎక్కువగా ఉపయోగపడేది ఈ నిరాడంబర లక్షణమే.

కైఫియత్తులు, చిత్రాలు

మెకంజీ సేకరణలో కడప ప్రాంతపు కైఫియత్తులు ముఖ్యమైనవి. కైఫియత్తు అనగా ఒక గ్రామపు చరిత్ర, ఆలయాలు, మాన్యాలు, చెరువులు, పాలకుల వివరాలను స్థానికులు, ముఖ్యంగా కరణాలు చెప్పగా వ్రాసుకున్న రచన. మెకంజీ మరణానంతరం 1820లలో చిత్రాలు, నాణేలు లండనుకు తరలిపోయాయి. దక్షిణాది భాషలలోని వ్రాతప్రతులు మద్రాసుకు చేరాయి.

1820లో కడపకు ఉద్యోగరీత్యా వచ్చిన సి.పి.బ్రౌన్ తరువాతి కాలంలో మద్రాసులోని ఈ వ్రాతప్రతుల దుస్థితిని గమనించి వాటికి శుద్ధప్రతులు వ్రాయించాడు. కడపలో బ్రౌన్ నివసించిన బంగళా స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి ప్రభృతుల కృషితో ఏర్పడిన సి.పి.బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా ప్రచురించింది. ఈ విధంగా ఊళ్ళను గూర్చి వ్రాసిన మాటలు సుమారు రెండు శతాబ్దాల తరువాత అచ్చు రూపంలో ఆ జిల్లాకే తిరిగి చేరాయి.

చిత్రాల సంగతి వేరు. అవి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో కొన్నింటిని ఆ సంస్థ అంతర్జాలంలో ఉంచడంతో ఇక్కడి వారికి చూచే అవకాశం కలిగింది. కాని 2023 అక్టోబరులో జరిగిన సైబర్ దాడి వలన లైబ్రరీ అంతర్జాల సేవలు నెలల తరబడి స్తంభించాయి. దూరదేశపు అంతర్జాల ప్రతిపైననే ఆధారపడటంలోని ఇబ్బందిని ఈ సంఘటన తెలియజేసింది. ఒకే సర్వేలో, ఒకే ఊరి వద్ద పుట్టిన కైఫియత్తును, చిత్రాన్ని ప్రక్కప్రక్కన ఉంచి చదివినప్పుడే ఆ ఊరి చరిత్ర సమగ్రంగా బోధపడుతుంది.

కెమెరా రాక తరువాత

1850ల నుండి ఫోటోగ్రఫీ వ్యాప్తి చెందడంతో ప్రభుత్వ సర్వేలకు నీటిరంగుల చిత్రకారుల అవసరం తగ్గింది. అప్పటి నుండి యాత్రా చిత్రణ క్రమంగా చిత్రకారుల స్వంత ఆసక్తికి సంబంధించిన విషయమైంది.

20వ శతాబ్దం మొదటి పాదంలో ఆంధ్రదేశంలో నీటిరంగుల చిత్రకళ గోదావరీ తీరాన వికసించింది. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. దామెర్ల రామారావు (1897–1925), అడివి బాపిరాజు (1895–1952) ఆయన ప్రోత్సాహం పొందిన వారు. బొంబాయిలోని జె.జె. కళాశాలలో చదివిన రామారావు దేశంలోని కళాక్షేత్రాలు దర్శించి చిత్రాలు గీశాడు. రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల నెలకొల్పిన కొద్దికాలానికే, 27 ఏళ్ళ వయసులో మరణించాడు. కర్నూలు, కడప ప్రాంతాలకు ఇటువంటి విద్యాకేంద్రం చాలాకాలం లేకపోయింది.

ఎండలో నీటిరంగులు

నీటిరంగులు అనగా తుమ్మజాతి బంకతో కలిపిన రంగుపొడులు. నీటిలో కరిగించి కాగితంపై పూస్తే నీరు ఆవిరై రంగు నిలుస్తుంది. ఇందులో తెల్లని రంగుకు బదులు కాగితపు తెలుపునే వదలిపెట్టడం సంప్రదాయం. పెట్టె చిన్నది, బరువు తక్కువ, వాసన లేదు, త్వరగా ఆరుతుంది. ఈ కారణాల వలన యాత్రికులకు ఇవి అనువైన రంగులుగా పేరుపొందాయి.

రాయలసీమ వేసవిలో ఈ త్వరగా ఆరే గుణమే చిత్రకారునికి సమస్య అవుతుంది. విశాలమైన ఆకాశానికి పూత వేస్తుండగా పై భాగం ఆరిపోయి, క్రింది భాగంతో కలిసేచోట గీత పడుతుంది. దీనిని నివారించడానికి చిత్రకారులు ఈ క్రింది పద్ధతులు పాటిస్తారు.

- తెల్లవారుజామున లేదా సాయంత్రం పని చేయడం. ఏటవాలు వెలుగులో కొండల పొరలు, బురుజుల గుండ్రదనం కూడా స్పష్టంగా కనిపిస్తాయి. నడి మధ్యాహ్నపు వెలుగులో ఇవి చదునుగా తోస్తాయి.
- బరువైన కాగితం వాడి, దాని రెండు వైపులా ముందుగా తడపడం.
- రంగునీటిలో ఒకటి రెండు చుక్కల గ్లిజరిన్ కలపడం. దీని వలన తడి కొంతసేపు నిలుస్తుంది.
- పెద్ద కాగితాన్ని వదలి చిన్న పుస్తకంలో స్కెచ్ వేసుకొని, రంగుల పేర్లు ప్రక్కన వ్రాసుకొని, ఇంటి వద్ద పూర్తి చేయడం.

ఎర్రమట్టి, పసుపు మట్టి వంటి భూమి రంగులు ఎండకు వెలసిపోవు. నీలిమందు వంటి వృక్షజనిత రంగులు వెలుగుకు తట్టుకోలేవు. పాత నీటిరంగుల చిత్రాలలో కొన్నింట ఆకాశం ఎర్రబారినట్లు కనిపించడానికి ఇదే కారణం. నీలిమందు, ఎర్రమట్టి కలిపి వేసిన మబ్బులలో కాలక్రమేణా నీలం పోయి ఎరుపు మాత్రం మిగిలింది. అటువంటి చిత్రాలను చూచి నాటి ఆకాశపు రంగును నిర్ణయించడం పొరపాటు అవుతుంది.

అక్రిలిక్ రంగులు

అక్రిలిక్ రెసిన్లపై జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు ఓటో రోమ్ 20వ శతాబ్దం ఆరంభంలో పరిశోధనలు చేశాడు. 1940లలో అమెరికాలో లెనార్డ్ బొకూర్, శామ్ గోల్డెన్ 'మాగ్నా' అనే అక్రిలిక్ రంగును తయారు చేశారు. దానిని కరిగించడానికి టర్పెంటైన్ వంటి ద్రావణి అవసరమయ్యేది. 1950ల మధ్యలో హెన్రీ లెవిసన్ నీటితో కలిపి వాడదగిన అక్రిలిక్ రంగును 'లిక్విటెక్స్' పేరుతో విడుదల చేశాడు. నేడు చిత్రకారులు వాడేవి ఎక్కువగా ఈ తరహా రంగులే. భారతదేశంలో 1931లో స్థాపితమైన కామ్లిన్ వంటి సంస్థల ద్వారా ఇవి విద్యార్థులకు కూడా అందుబాటులోకి వచ్చాయి.

నీటిలో తేలే అతి సూక్ష్మమైన ప్లాస్టిక్ బిందువులే ఇందులో జిగురుగా పనిచేస్తాయి. నీరు ఆవిరైనప్పుడు ఆ బిందువులు ఒకదానితో ఒకటి అతుక్కొని పొరగా ఏర్పడతాయి. ఆరిన నీటిరంగును మళ్ళీ తడిపి కదిలించవచ్చు. ఆరిన అక్రిలిక్ నీటికి కరగదు. కాబట్టి ఒక పొరపై మరొక పొరను ఎన్నిసార్లయినా వేయవచ్చు. పలుచన చేస్తే నీటిరంగువలె, చిక్కగా వాడితే తైలవర్ణంవలె కనిపిస్తుంది.

యాత్రలోని నీటిరంగుల నుండి అక్రిలిక్ ప్రయోగాలకు సాగిన ప్రస్థానానికి సయ్యద్ హైదర్ రజా (1922–2016) మంచి ఉదాహరణ. మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాలో అడవుల నడుమ పెరిగిన రజా 1940లలో బొంబాయి వీధులను, 1948లో పర్యటించిన కాశ్మీరును నీటిరంగులలో చిత్రించాడు. 1950లో పారిస్ చేరిన తరువాత తైలవర్ణాలు, అనంతరం అక్రిలిక్ చేపట్టాడు. ఊరు, చెట్టు, కొండ క్రమంగా కరిగిపోయి ఎరుపు, పసుపు, నలుపు ఖండాలుగా మారాయి. 1983లో గీసిన 'సౌరాష్ట్ర' అనే అక్రిలిక్ చిత్రం 2010లో లండన్ వేలంలో 16 కోట్ల రూపాయలకు పైగా పలికి, నాటికి ఆధునిక భారతీయ చిత్రకళలో రికార్డు సృష్టించింది. చూచిన నేలను పోలికలతో గాక రంగులతోనే జ్ఞాపకం చేయవచ్చునని ఈ చిత్రాలు నిరూపించాయి.

సీమ నేలకు తగిన ప్రయోగాలు

రాతి ప్రాంతాన్ని చిత్రించడానికి అక్రిలిక్ అనేక విధాల అనుకూలమైనది. కుంచెకు బదులు ప్యాలెట్ కత్తితో చిక్కని రంగును పరచి పలకరాతి పొరలను సూచించవచ్చు. ఇసుకను, రాతిపొడిని అక్రిలిక్ జిగురుతో కలిపి కాన్వాసుపై పూస్తే నిజమైన గరుకుదనం వస్తుంది. ఎర్రమట్టిని, పసుపు మట్టిని మెత్తగా నూరి, వడగట్టి, అదే జిగురుతో కలిపి రంగుగా వాడవచ్చు. ఆదిమ చిత్రకారుల మట్టి రంగునే నేటి జిగురుతో వాడటం దీని విశేషం.

మట్టిని వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. చౌడు నేలల మట్టిలో లవణాలు ఉంటాయి. అటువంటి మట్టిని నీటితో పలుమార్లు కడిగి, తేర్చి, ఆరబెట్టి వాడాలి. లేనియెడల చిత్రం ఆరిన తరువాత పైన తెల్లని పొర తేలవచ్చు.

వేడికి అక్రిలిక్ పొర మెత్తబడుతుంది. మెత్తబడిన పొరకు దుమ్ము అంటుకొంటుంది. రెండు చిత్రాలను ఎదురెదురుగా ఆనించి ఉంచితే ఒకదానికొకటి అతుక్కొనే ప్రమాదం ఉంది. కాబట్టి వేసవిలో చిత్రాలను రేకుల షెడ్లలో నిలువ చేయరాదు.

ముఖ్య చిత్రణ స్థలాలు

- గండికోట: పెన్నా లోయ, కోట గోడలు, జుమ్మా మసీదు, మాధవరాయ, రంగనాథ ఆలయాలు, ధాన్యాగారం. ఉదయపు వెలుగులో లోయ గోడల ఎరుపు ప్రస్ఫుటమవుతుంది.
- సిద్ధవటం: పెన్న ఒడ్డున ఉన్న కోట.
- ఒంటిమిట్ట: కోదండరామాలయం, దాని శిల్పాలతో కూడిన మండపం, గోపురాలు.
- యాగంటి: కొండ చరియల నడుమ ఆలయం, కోనేరు, గుహలు.
- అహోబిలం: నల్లమలలోని నరసింహ క్షేత్రాలు, కొండ చరియలు.
- ఓర్వకల్లు: కర్నూలు సమీపాన విచిత్రాకృతులలో ఉన్న శిలలు.
- కొండారెడ్డి బురుజు: కర్నూలు నగరం నడుమ మిగిలిన కోట భాగం.
- బెలుం గుహలు: 3,229 మీటర్ల పొడవైన సున్నపురాతి గుహలు. ఇక్కడ సహజమైన వెలుగు లేనందున లోపల స్కెచ్ మాత్రం వేసుకొని వెలుపల రంగులు వేయడం ఉచితం.

మారిన దృశ్యాలు

మెకంజీ బృందం నడిచిన దారులలో అనేకం నేడు గుర్తింపరానివి. 1980ల ఆరంభంలో శ్రీశైలం జలాశయం నిండటంతో కృష్ణా, తుంగభద్రల ఒడ్డున ఉన్న అనేక గ్రామాలు, ఆలయాలు మునిగిపోయాయి. కొన్ని ఆలయాలను విప్పి వేరొకచోట పునర్నిర్మించారు. సంగమేశ్వరం ఆలయం ఏటా చాలా నెలలు నీటిలో ఉండి, వేసవిలో నీటిమట్టం తగ్గినప్పుడు బయటపడుతుంది. గండికోట జలాశయం వలన పెన్న ఒడ్డు పల్లెలు కొన్ని ముంపునకు గురయ్యాయి. కడప బండలు, బేతంచెర్ల బండల కోసం సాగే తవ్వకాలతో కొన్నిచోట్ల నేల రూపమే మారిపోయింది.

నీటిపారుదల వలన ఈ ప్రాంతానికి కలిగిన మేలు కాదనరానిది. అయితే పోయిన దృశ్యానికి మిగిలేది దాని చిత్రమే. 1809లో ఒక సర్వే చిత్రకారుడు కొలతలతో గీసిన గోడ నేడు కూలిపోయి ఉంటే, ఆ గోడ ఎత్తును చెప్పగలిగేది ఆ నీటిరంగుల బొమ్మ ఒక్కటే. నేటి విద్యార్థి తన ఊరి చెరువుకట్టను, పాత బురుజును తేదీ వేసి, దిక్కు గుర్తించి గీసి ఉంచితే రేపటికి అదే ఆధారమవుతుంది.

పరిరక్షణ

నీటిరంగుల చిత్రాలకు వెలుగు, చెదలు, దుమ్ము ముఖ్యమైన శత్రువులు. వాటిని ఆమ్లరహిత కాగితాల మధ్య చీకటి అరలలో ఉంచాలి. గోడకు తగిలించదలచినచో కిటికీకి ఎదురుగా ఉండని గోడను ఎంచుకొని, కాగితానికి అద్దం తగలకుండా అట్టతో ఎడము ఉంచాలి. అక్రిలిక్ చిత్రాలను పొడి మెత్తని కుంచెతో మాత్రమే దులపాలి. టర్పెంటైన్, స్పిరిట్ వంటివి తగలనీయరాదు.

విద్య

2020లో కడపలో డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అంతకు పూర్వం ఉన్నత స్థాయి చిత్రకళా విద్య కోసం ఈ ప్రాంతపు విద్యార్థులు హైదరాబాదు, తిరుపతి, విశాఖపట్నం వంటి నగరాలకు వెళ్ళవలసి వచ్చేది. గండికోట, సిద్ధవటం, ఒంటిమిట్ట కడపకు ఒక్కరోజు ప్రయాణంలో చూచి రాదగిన దూరంలో ఉండటం దృశ్యచిత్రణ అభ్యసించే వారికి అనుకూలం.

ఇవి కూడా చూడండి

- కాలిన్ మెకంజీ
- కావలి వెంకట బొర్రయ్య
- కైఫియత్తులు
- దత్తమండలాలు
- చార్లెస్ ఫిలిప్ బ్రౌన్
- గండికోట
- దామెర్ల రామారావు
- సయ్యద్ హైదర్ రజా